సగం కోర్టు ధాన్యానికి, సగం ఆటకి

ఈ ప్రయాణానికి కారణం ఒక వెక్కిరింపు. మా కాలేజీల సమాఖ్య ఏటా జరిపే అమ్మాయిల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ఈసారి ఏ ఊళ్ళో పెట్టాలో తేల్చే మీటింగులో నేను రామచంద్రపురం పేరెత్తాను. ఒకాయన నవ్వి, "అక్కడ వరి పండుతుంది కదమ్మా, బాస్కెట్‌బాల్ ఎందుకు?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఊళ్ళోనే ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నేను ఆటలు నేర్పుతాను. ఏటా టోర్నమెంటు సముద్రం ఒడ్డునున్న పెద్ద నగరానికే పోతుంది. అక్కడ చెక్క నేల కోర్టుంది, పైన కప్పుంది, పక్కనే పెద్ద పెద్ద హోటళ్ళున్నాయి. లేనిదల్లా మా అమ్మాయిలు అక్కడికి వెళ్ళగలిగే వీలు. ఒకమ్మాయికి ఇంట్లో ఒప్పుకోరు, ఇంకో అమ్మాయికి చంటి తమ్ముణ్ణి చూసుకోవాలి, మా కెప్టెన్ దుర్గకి తెల్లవారుజామున పిండి రుబ్బాలి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, టోర్నమెంటు మా దగ్గరికి రాదు, మమ్మల్ని దాని దగ్గరికి పోనివ్వదు. ఆపైన, "గోదావరి జిల్లాల నుంచి జట్లు రావడం లేదండీ, ఆసక్తి లేదు" అని వాళ్ళే అంటారు.

దుర్గకి ఇది డిగ్రీ ఆఖరి ఏడాది. మూడేళ్ళుగా రోజూ సాయంత్రం ఆడింది. ఒక్క టోర్నమెంటు ఆడలేదు. ఈసారీ నగరానికే పోతే ఇక ఎప్పటికీ ఆడదు. నేను ఆ మీటింగులోనే లేచి, "ఒకసారి వచ్చి చూసి అప్పుడు నవ్వండి" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది. చివరికి కమిటీలో పెద్దాయన, రిటైరైన వ్యాయామ అధ్యాపకుడు సత్యమూర్తి గారు, "నేను వస్తానమ్మా" అన్నారు.

కోతల కాలం అది. పొద్దున్న ఏడు దాటాక ఆయన రాజమండ్రిలో రైలు దిగారు. తెల్ల చొక్కా, మెరిసే బూట్లు, మెడలో ఈల. ఈల ఎందుకండీ అని అడిగితే, "అలవాటమ్మా, అది లేకపోతే బోసిగా ఉంటుంది" అన్నారు. స్టేషను బయటికి రాగానే కారు కోసం చూశారు. కారు లేదని చెప్పాను. జట్లు ఎలా వస్తాయో మనమూ అలాగే వెళ్దామండీ అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది కానీ కాదనలేదు. ఆటోలో కాంప్లెక్సుకి వెళ్ళాం. బస్టాండుని ఇక్కడ అందరూ కాంప్లెక్సనే అంటారు, మీరూ ఆటో అతనితో అలాగే అనండి. టిఫిను చేసి, ఆయన అడిగారని ఒక చల్లటి రోజ్‌మిల్క్ తాగించి, ద్వారపూడి, మండపేట మీదుగా రామచంద్రపురం వెళ్ళే పల్లెవెలుగు ఎక్కాం. సుమారు గంటన్నర ప్రయాణం. ఎడమ వైపు కిటికీ దొరికితే వదలకండి, కడియం దాటేవరకూ పూలమొక్కల నర్సరీలే.

కండక్టరు వచ్చి నా ఆధార్ చూసి సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా. సత్యమూర్తి గారి దగ్గర డబ్బులు తీసుకున్నాడు. మేం ఏ పని మీద వెళ్తున్నామో విని, "అమ్మాయిల టీములైతే ఇంకేంటండి మేడం గారూ, ఎన్ని టీములొచ్చినా ఫ్రీయేనండి! ఆ నగరానికెళ్ళే లగ్జరీ బస్సుల్లో ఇలా కుదరదండి. ఇక్కడ టికెట్టల్లా సారు గారికేనండి" అన్నాడు. బస్సులో వెనక సీటు దాకా నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను.

ద్వారపూడి బట్టల కొట్ల దగ్గర సగం బస్సు ఖాళీ అయింది. అక్కడి నుంచి సత్యమూర్తి గారు అసలు ప్రశ్నలు మొదలుపెట్టారు. ఆయన చెడ్డవారు కాదు, ఆటంటే ప్రాణం పెట్టే మనిషి. కానీ నలభై ఏళ్ళుగా నగరాల్లోనే ఈల ఊదారు.

"లాడ్జీలు ఎన్నున్నాయమ్మా?"

"రెండో మూడో ఉన్నాయండీ. కానీ లాడ్జీ ఎందుకు? ఒక పెళ్ళికొచ్చిన ఊరంతటినీ పడుకోబెట్టే కళ్యాణమండపాలున్నాయి. ఎనిమిది జట్లు ఓ లెక్కా?"

"కోర్టు మీద కప్పు లేదు కదా. వానొస్తే?"

"వానొస్తే ఆగుతామండీ. వెలిశాక ఆడతాం. మా కోర్టులో నీళ్ళు నిలవవు."

"చూసేవాళ్ళు?"

పోయినేడాది ఆ నగరంలో ఫైనలు చూడ్డానికి నేనొక్కదాన్నే సొంత ఖర్చుతో వెళ్ళాను. అంత పెద్ద హాల్లో ఆటగాళ్ళ స్నేహితులు, నేను, దీపాలార్పేసి ఇంటికి పోదామని చూస్తున్న ఎలక్ట్రీషియను. అది ఆయనకీ తెలుసు. ఆ రోజు రిఫరీ ఆయనే. తాపేశ్వరంలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచే మడత కాజాలు కొని ఆయన చేతిలో పెట్టాను. పాకం చొక్కా మీద కారకుండా తినడానికి ఆయన పడ్డ అవస్థలో మండపేట వచ్చేసింది.

రోడ్డుకి రెండు పక్కలా సార్వా వరి కోతలు సగం అయ్యాయి. ఎక్కడ కాస్త సిమెంటు కనిపిస్తే అక్కడ ధాన్యం ఆరబోసి ఉంది. రోడ్డు అంచున, బడి వరండాలో, ఒక కొత్తింటి డాబా మీద. ముందు రోజు రాత్రి ఒక జల్లు పడిందట. తుఫాను కబురు కూడా ఉంది. ఆ కబురు వినగానే ఇక్కడ ఎవరికీ ఇంకేదీ పట్టదు. నేనూ ఇక్కడి దాన్నే అయినా ఆ ఉదయం నాకు పట్టింది మా కోర్టు ఒక్కటే. దాన్ని అంతకుముందు రోజు సాయంత్రం అమ్మాయిలతో కడిగించి, గీతలకు కొత్తగా తెల్లరంగు వేయించి, రెండు బుట్టలకీ కొత్త వలలు కట్టించాను. రాత్రి ఆ జల్లు కూడా పడి ఇంకా శుభ్రమై ఉంటుందని మురిసిపోయాను.

రామచంద్రపురం బస్టాండు పక్కనే దుర్గ వాళ్ళమ్మ మంగమ్మ గారి టిఫిను బండి. పది దాటినా పెసరట్లు వేస్తూనే ఉంటారు. సత్యమూర్తి గారిని పరిచయం చేశాను. ఆవిడ పెనం మీద నుంచి చూపు తిప్పకుండానే ఒక అట్టు ఆయన ముందు పెట్టేశారు. టిఫిను అయిందమ్మా అంటే వింటేనా.

"మా అమ్మాయిని ఆటకి పంపటం లేదని నా మీద కోపమాండి మీకు? పంపనని నేననలేదండి. మూడు రోజులు ఊళ్ళో లేకపోతే ఈ బండి ఎవరు లాగుతారండి? నా చెయ్యి విరిగి అతికిన చెయ్యి, గ్రైండరు ఎత్తలేనండి. పిండి రుబ్బేసి వచ్చి ఆడుకుంటానంటే నాకేం బాధండి?" అని, అట్టు తిరగేసి, "అయినా నాకు తెలియక అడుగుతానండి, ఆ ఆటేదో ఇక్కడే ఆడించకూడదాండి?" అన్నారు.

సత్యమూర్తి గారు అల్లప్పచ్చడి కారంగా ఉందన్నారు.

నేరుగా కోర్టుకి తీసుకెళ్ళి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. కానీ మా ప్రిన్సిపాల్ గారు మాకు ఎదురొచ్చారు. ఆవిడది ఈ పక్క పల్లెటూరే. ఇంటికొచ్చిన మనిషికి ముందు భోజనం, తర్వాతే పని అనే వంశం. "కోర్టు ఎక్కడికీ పోదు, ముందు అన్నం తినండి" అని తన ఇంటికి తీసుకుపోయారు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్తావకాయ కాకపోయినా కొత్తగా ఉన్న ఆవకాయ, గుమ్మడి వడియాలు, పులిహోర, బొబ్బట్లు, వాటి మీద నెయ్యి. వద్దని ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, చెయ్యి తీసేదాకా గరిటె పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో ఆవిడకి ఎవరో ఫోను చేస్తే, "ఆ, తియ్యండి తియ్యండి" అని పెట్టేసి మళ్ళీ నెయ్యి గిన్నె అందుకున్నారు. నేను ఏమిటని అడగలేదు. పెరుగన్నం అయ్యేసరికి రెండు దాటింది. సత్యమూర్తి గారి నడక పెళ్ళివారి నడకయింది. మబ్బు విడి ఎండ చుర్రుమంటోంది. మంచి శకునమే అనుకున్నాను.

కాలేజీ గేటు దాటి కోర్టు చూశాను. కోర్టు లేదు. ఒక బుట్ట నుంచి ఇంకో బుట్ట దాకా, గీతకి గీత, ధాన్యం. కొత్త తెల్లరంగు ఎక్కడా కనబడలేదు. మధ్యలో పక్క పొలం రైతు వీర్రాజు గారు, ఆయన భార్య పాదాలతో గింజల్ని తిరగేస్తూ నడుస్తున్నారు.

"ఎవరు తీశారు గేటు?" అని అరిచాను. ప్రిన్సిపాల్ గారు నా వెనకే ఉన్నారు. "నేనే తియ్యమన్నానమ్మా. రాత్రి జల్లుకి తడిసిపోయిందట, మొలకొచ్చేస్తుంది. ఏటా ఇచ్చేదే కదా. అన్నం వడ్డిస్తూ ఉన్నానేమో, ఇవాళ ఆయనొచ్చింది కోర్టు చూడ్డానికే అని తట్టనే లేదు" అన్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తడిసిన ధాన్యం పట్టుకుని ఒకరు గేటు ముందు నిలబడితే వద్దనడం మా ఊళ్ళో ఎవరికీ చేతకాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా ఆ నిమిషం నాకు ఊరు మొత్తం మీద కోపం వచ్చింది.

సత్యమూర్తి గారు నెమ్మదిగా, "వరి పండుతుందని మీటింగులో ఆయన అన్నది నిజమేనమ్మా" అన్నారు. వెటకారంగా అనలేదు, జాలిగా అన్నారు. ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటికే మా అమ్మాయిలు ఆట బట్టల్లో వచ్చి వరసగా నిలబడ్డారు. వీర్రాజు గారు మమ్మల్ని చూసి పరుగున వచ్చారు. "అయ్యయ్యో, ఆటుందని ఎవరూ చెప్పలేదండి. చెప్పుంటే పోసేవాణ్ణి కాదండి. ఎత్తేస్తానండి, ఇప్పుడే ఎత్తేస్తాను" అంటూ పెద్ద ప్లాస్టిక్ బరకాలు లాగబోయారు. ఎత్తి ఎక్కడ పోస్తారు? ఆకాశం పడమట మళ్ళీ నల్లబడుతోంది. దుర్గ బంతిని చంకలో పెట్టుకుని ముందుకొచ్చింది.

"వద్దు బాబాయ్. అంతా ఎందుకు? సగం చాలు. ఆ సగంలో మీ ధాన్యం, ఈ సగంలో మా ఆట. ఒక బుట్టతోనే ఆడతాం" అంది. నా వైపు తిరిగి, "సారుకి ఆట చూపించాలి కదా మేడం. కోర్టుదేముంది?" అంది.

అందరం చెప్పులు విప్పాం. చెక్కలతో, చాటలతో, చీపుళ్ళతో ధాన్యాన్ని అవతలి సగంలోకి లాగాం. వరి నూగు ఒంటికి అంటుకుంటే దురద ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా తెలియదు. జారకుండా నేల తుడిచి, నీళ్ళు చల్లి, ఆరనిచ్చి ఆట మొదలుపెట్టేసరికి సాయంత్రమైంది. సత్యమూర్తి గారు గట్టు మీద కుర్చీలో కూర్చున్నారు. ముగ్గురికి ముగ్గురు, ఒకే బుట్ట. బంతి ధాన్యం వైపు వెళ్తే వీర్రాజు గారి భార్య ఆపి వెనక్కి విసురుతున్నారు. రెండో నిమిషానికే ఆవిడకి ఎవరి జట్టుకి వెయ్యాలో తెలిసిపోయింది. కబురు ఎలా పాకిందో కానీ ప్రహరీ గోడ మీద మనుషులు, గేటు దగ్గర సైకిళ్ళు. బండి కట్టేసి మంగమ్మ గారు కూడా వచ్చారు. కూతురి ఆట ఆవిడ చూడటం అదే మొదటిసారి. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

దుర్గ ఇద్దరిని దాటుకుని బుట్ట కిందికి వచ్చింది. ఎదురు ఎవరూ లేరు. చేతిలో బంతి, పైన కొత్త వల. అప్పుడు పడింది మొదటి చినుకు. దుర్గ ఎగరలేదు. బంతిని పక్కకి గిరాటేసి ధాన్యం వైపు పరిగెత్తింది. ఎవరూ నా మాట కోసం చూడలేదు. ఆరుగురు ఆటగాళ్ళూ, బయట కూర్చున్నవాళ్ళూ, గోడ మీద వాళ్ళూ దూకి వచ్చి ధాన్యాన్ని కుప్పగా లాగుతున్నారు. బరకం గాలికి ఎగిరి ఒక మూల ఎవరికీ అందడం లేదు. దాన్ని పట్టుకున్నది సత్యమూర్తి గారు. బూట్లు ఎప్పుడు విప్పారో చూడలేదు. తెల్ల చొక్కా నిండా నూగు, మెడలో ఈల ఊగుతూ, "అటు లాగండమ్మా, అటు!" అని అరుస్తున్నారు. మెళ్ళో ఈల ఉన్న సంగతే ఆయనకి గుర్తులేదు.

జల్లు పావుగంటలో వెలిసింది. ఒక్క గింజ మళ్ళీ తడవలేదు. మేం ఆడిన సగంలో నీళ్ళు అటూ ఇటూ పారిపోయి, తుడిచేసరికి నేల ఆటకి సిద్ధంగా ఉంది. నీళ్ళు నిలవవని నేను బస్సులో చెప్పింది ఆయన కళ్ళతో చూశారు. దుర్గ బంతి తీసుకుని, ఎక్కడ ఆపిందో అక్కడికే వచ్చి నిలబడింది. ఈసారి సత్యమూర్తి గారే ఈల ఊదారు. బంతి వలలోంచి జారింది. ఊరు అరిచిన అరుపుకి కాలేజీ డాబా మీద పావురాలు లేచిపోయాయి.

రాజమండ్రికి తిరుగు బస్సెక్కిస్తుంటే ఆయన ఒళ్ళంతా గోక్కుంటూ, "దీన్ని కమిటీకి ఎలా చెప్పాలో నాకు తెలియటం లేదమ్మా" అన్నారు.

"చూసింది చూసినట్టు చెప్పండి చాలు" అన్నాను.

ఆయన చెప్పారట. తర్వాతి వారం నిర్ణయం వచ్చింది. టోర్నమెంటు మళ్ళీ ఆ నగరానికే. చెక్క నేల, కప్పు, హోటళ్ళు. కారణాలు ఎప్పటివే. ఆ సాయంత్రం దుర్గకి చెప్పాను. ఏడవలేదు. "సరే మేడం, ఇవాళ ప్రాక్టీసు ఉందా?" అంది. ఆ అమ్మాయి ఏడ్చి ఉంటే నేను ఓదార్చి ఊరుకునేదాన్నేమో. అడిగింది కాబట్టి ఊరుకోలేకపోయాను. అదే రోజు అమలాపురం, తణుకు, భీమవరం, జంగారెడ్డిగూడెం లాంటి ఊళ్ళ కాలేజీల్లో ఆటలు నేర్పేవాళ్ళకి ఫోన్లు చేశాను. నగరం ఇవ్వకపోతే మనమే పెట్టుకుందాం అన్నాను. అందరికంటే ముందు సరేనన్నది అందరికంటే దూరాన ఉన్న జంగారెడ్డిగూడెం మేడం. "రెండు బస్సులు మారాలండి. అయితే ఏంటండి, మా పిల్లలకి కాలేజీకి రావడానికే రెండు బస్సులండి" అన్నారు.

అప్పుడే సత్యమూర్తి గారు ఫోను చేశారు. "నీ ఊరికి చెయ్యెత్తింది నేనొక్కణ్ణేనమ్మా. ఓడిపోయాను" అన్నారు.

"ఎత్తిన చెయ్యి దించకండి. మాకు రిఫరీ కావాలి" అన్నాను.

"భోజనం మాత్రం ఆట అయ్యాక పెట్టమని ప్రిన్సిపాల్ గారికి చెప్పు" అన్నారు.

టోర్నమెంటుకి ఊరు కావాలంటే ఏం చూడాలని ఈమధ్య చాలా ఆలోచించాను. నేల నున్నగా ఉండటం, గదిలో చల్లగా ఉండటం మంచివే, నేను కాదనను. మాకూ కప్పు వేయించుకోవాలని ఉంది, వేయించుకుంటాం కూడా. కానీ ఆడేవాళ్ళు రాలేని చోట ఎంత మంచి కోర్టుంటే మాత్రం ఏం లాభం? అది ఎవరి కోసం? మాది వరి పండే ఊరే. అది మాకు నామోషీ కాదు. వచ్చే రెండో శనివారం, ఆదివారం ఆరు జట్లు మా ఊరొస్తున్నాయి. ఎవరి అనుమతీ అడగలేదు. దుర్గ పిండి రుబ్బేసి వచ్చి మొదటి ఆట ఆడుతుంది. ఆ రెండు రోజులూ మంగమ్మ గారి బండి కాలేజీ గేటు దగ్గరే ఉంటుంది.

చూడ్డానికి రావాలనుకునేవాళ్ళకి ఒక్క చిట్కా. రాజమండ్రి కాంప్లెక్సులో ఎనిమిది లోపు మండపేట మీదుగా వచ్చే బస్సెక్కితే మొదటి ఆటకి అందుకుంటారు. ఆడవాళ్ళు ఆధార్ మరిచిపోకండి. కాకినాడ వైపు నుంచయితే గంటలో వచ్చేస్తారు. గేటు దాటాక కోర్టు మీద ధాన్యం కనబడితే ఊరు తప్పామనుకుని వెనక్కి వెళ్ళిపోకండి. చెప్పులు విప్పి బరకం ఒక మూల పట్టుకోండి, ఆట మొదలవుతుంది.